పాలల్లో ఉందా, తోడులో ఉందా

మా ఇంటి తాళంచెవి పోయింది ఒక శనివారం నాడు, ఒంటిపూట బడి రోజున.

పోయిందంటే ఎవరూ నమ్మలేదు. పోయేంత చిన్నది కాదది. పోకూడదనే మా బావమరిది దాన్ని అంత పెద్దగా చేశాడు. జేబులో వేసుకుంటే చొక్కా ఒక పక్కకి జారిపోయేది. వరండా చివర కనపడగానే ఆ ఏటవాలు చూసి పిల్లలు నన్ను గుర్తుపట్టి సర్దుకు కూర్చునేవాళ్ళు. ఆ రోజు ఆఖరి గంట కొట్టాక చూసుకుంటే చొక్కా తిన్నగా ఉంది.

తరగతిలో బల్లకింద వెతికాను. స్టాఫ్‌రూములో సొరుగులన్నీ లాగాను. కుళాయి దగ్గరా సైకిళ్ళ షెడ్డులోనూ చూశాను. డ్రిల్లు మాస్టారు కూడా నాతోపాటు వంగి వెతికి, నడుం పట్టుకుని లేచి, "ఇంత వస్తువు పోగొట్టుకోవడం మామూలు మనిషి వల్ల కాదు మాస్టారూ. మీకు దణ్ణం" అన్నాడు. ఆ దణ్ణం తీసుకుని బయల్దేరాను.

దారంతా నేల చూస్తూ నడిచాను. నిజానికి నా బెంగ తాళంచెవి గురించి కాదు. వంటింటి గట్టు మీద ఒక గిన్నె ఉంది. గిన్నెలో మా ఆవిడ తోడు ఉంది. సాయంత్రానికల్లా పాలు కాచి, చల్లార్చి, ఆ తోడు వెయ్యకపోతే, ఆ ఎండకి అది పులిసి నీరు తేలి దేనికీ పనికిరాకుండా పోతుంది. బెంగ దాని గురించి.

ఆ తోడు ఆవిడ పెళ్ళైన కొత్తలో పుట్టింటి నుంచి ఒక చిన్న సీసాలో పట్టుకొచ్చింది. బస్సులో ఒళ్ళో పెట్టుకుని, కుదుపు వచ్చినప్పుడల్లా నా వైపు అనుమానంగా చూస్తూ తెచ్చింది, బస్సు నేను నడుపుతున్నట్టు. అప్పటి నుంచి ఆ పెరుగులోంచే ఒక చెంచా తీసి మర్నాటి పాలకి వేసేది. ఫ్రిజ్‌లో పెట్టనిచ్చేది కాదు, చలికి దానికి బద్ధకం వస్తుందని. ఊరెళ్ళాల్సి వస్తే తోడు కూడా మాతో ఊరొచ్చేది.

ఆవిడ ఉన్నన్నాళ్ళూ మా ఇంటికి తాళం లేదు. తలుపు దగ్గరికి లాగి బజారుకెళ్ళిపోయేది. అదేంటని అడిగితే, "ఎవరికైనా పెరుగు తోడుకోలేదనుకోండి, వచ్చి చెంచాడు తీసుకోవద్దూ?" అనేది. నిజంగానే తీసుకునేవారు. మా సందులో తోడు అంతా ఆవిడ గిన్నెలోంచి వెళ్ళిందే.

తాళం వెయ్యని ఈ ఆడమనిషికి తమ్ముడుగా పుట్టినవాడు తాళాలు చేసేవాడయ్యాడు. బస్టాండు మూల వాడి కొట్టు. సందులో అందరూ వాణ్ణి తాళాల తమ్ముడు అంటారు. అక్కాతమ్ముళ్ళకి చిన్నప్పటి నుంచీ ఒకటే తగువు, అన్నం దగ్గర కూర్చుంటే చాలు మొదలయ్యేది.

"మనిషిని వాడి మానాన వదిలెయ్యక్కా, గట్టు మీద వదిలేసిన పాలలాగే విరిగిపోతాడు," అనేవాడు వాడు. "బయట్నించి ఒక చుక్క పడాలి. తాళమో, పోలీసో, దేవుడో. అప్పుడే తోడుకుంటాడు. మంచితనం మనిషిలో లేదు. తోడులో ఉంది."

"అయితే ఆ చుక్క నీళ్ళల్లో వెయ్యరా. తోడుకుంటాయేమో చూస్తాను," అనేది ఆవిడ. "పాలల్లో లేకపోతే తోడేం చేస్తుంది? అసలు మొట్టమొదటి తోడు ఎక్కణ్ణించి వచ్చిందనుకున్నావు? పాలల్లోంచి కాదూ?"

వాడు చిన్నప్పుడు నిజంగానే గ్లాసుడు నీళ్ళల్లో పెరుగు కలిపి, గుడ్డ కప్పి, పక్కనే చాప వేసుకుని పడుకున్నాడట. పొద్దున్నే లేచి చూసి, "కొంచెం గట్టిపడ్డాయి" అన్నాడట. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాడు.

ఇద్దరూ చివరికి నా వైపు తిరిగేవారు. "ఏమండీ, మీరు చదువుకున్నవారు, మీరు చెప్పండి" అని ఆవిడా, "బావా, మొహమాటపడకు, చెప్పు" అని వాడూ. మజ్జిగ పోసుకుంటూ "రేపు చెబుతాను" అనేవాణ్ణి. ఇద్దరిలో ఎవరు ఓడినా నాకు ఇంట్లో ఇబ్బందే.

వేసవి మొదట్లో ఆవిడ పోయింది. జబ్బు పెద్దదే గానీ ఎక్కువ రోజులు తీసుకోలేదు.

ఆ తర్వాతి వారం తాళాల తమ్ముడు పనిముట్ల సంచీతో వచ్చాడు. ముందు తలుపు దగ్గర కూర్చుని రోజంతా చెక్క తొలిచాడు. తొలుస్తున్నంతసేపూ ముక్కు ఎగబీలుస్తూనే ఉన్నాడు. చెక్కపొట్టు పడటం లేదు అన్నాడు. సాయంత్రానికి తలుపుకి ఒక తాళం మొలిచింది. చూస్తే బ్యాంకు వాళ్ళు కూడా సిగ్గుపడతారు.

"పగలంతా ఇల్లు ఖాళీగా ఉంటుంది బావా. అక్క లేదు," అన్నాడు. "ఇదిగో చెవి. ఇదొక్కటే. రెండో చెవి లేదు."

"పోతే?"

"రెండో చెవి ఉన్నది తాళం కాదు బావా, ఆటబొమ్మ. ఎవడి దగ్గరా ఉండకూడదు. నా దగ్గర కూడా ఉండకూడదు. నేను మాత్రం మనిషిని కాదూ?"

వద్దనబోయి మానేశాను. వాడికి ఏడవడానికి చేతనైన పద్ధతి అది.

తోడు నా చేతికొచ్చింది. ఆవిడ ఎలా చేసేదో అలాగే చేశాను. వంట నాకు రాదు, కానీ ఆశ్చర్యం, పెరుగు బ్రహ్మాండంగా వచ్చేది. ఒక రోజు చాకుతో కోస్తే ముక్కలయ్యేలా ఉండేది, ఒక రోజు తియ్యగా, ఒక రోజు మీద మీగడ దుప్పటిలా. ఒకరోజైతే పొద్దున బడికెళ్తూ చూసింది సగం గిన్నె, సాయంత్రం వచ్చి చూస్తే అంచుదాకా ఉంది. పాలు పొంగినట్టు పెరుగు కూడా పొంగుతుంది కాబోలు అనుకున్నాను. పక్కింటి టైలరమ్మతో గర్వంగా చెప్పాను కూడా. ఆవిడ మిషను చక్రం వైపు తిరిగి, "మీ చెయ్యి అలాంటిది అన్నయ్యగారూ" అంది. సూదిలో దారం ఎక్కించడానికి ఆ రోజు ఆవిడకి చాలాసేపు పట్టింది.

శనివారం సంగతికి వస్తాను.

నేను సందులోకి వచ్చేసరికి టైలరమ్మ వాకిట్లో మిషను తొక్కుతోంది.

"ఏంటన్నయ్యగారూ, సొంత ఇంటి ముందు కొత్తల్లుడిలా నిలబడ్డారు?"

"తాళంచెవి పోయిందమ్మా."

మిషను ఆగింది. ఆవిడ మా వెనక సందు వైపు ఒకసారి చూసి, వెంటనే చూడనట్టు ఆకాశం వైపు చూసింది. "అయ్యో," అంది. "ఇంట్లోకి వెళ్ళడానికి వేరే దారి కూడా లేదాయె!"

"వెనక తలుపు లోపల గడియ వేసి ఉంది."

"వేసే ఉంటుంది లెండి," అంది ఆవిడ గట్టిగా. "గడియ అన్నాక తియ్యడం ఎవరి తరం!"

ఇంతలో ఎదురింటి జడ్జిగారు వచ్చారు. రిటైరైన జడ్జి. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చేసిన లాల్చీలో బొమ్మలా ఉంటారు. ఆయనకి ఒక పిల్లి ఉంది. ఎప్పుడూ ఆయన కాగితాల మీదే కూర్చుంటుందని దానికి గుమాస్తా అని పేరు పెట్టారు.

"మాస్టారూ, మా గుమాస్తా ఇటు వచ్చాడా?"

"చూడలేదండీ. నేనే బయట ఉన్నాను," అని సంగతి చెప్పాను. జడ్జిగారి చూపు మా బాత్‌రూము కిటికీ మీదికి వెళ్ళి, అక్కణ్ణించి జారి కాళ్ళ మీద పడింది. ఆ కిటికీకి అడ్డంగా అద్దాల పలకలు ఉంటాయి, ఒకదాని మీద ఒకటి.

"చట్టప్రకారం," అన్నారాయన గొంతు సవరించుకుని, "తాళం తీసేవాణ్ణి పిలవడమే సరైన మార్గం."

బావమరిదికి ఫోను చేశాను. వాడు వచ్చేలోపు తోడు ఎలా ఉందో చూద్దామని ముగ్గురం వంటింటి కిటికీ దగ్గరికి వెళ్ళాం. కిటికీకి ఊచలున్నాయి. మనిషి దూరడు. పిల్లి దూరుతుంది. దూరింది. గట్టు మీద గుమాస్తా కూర్చుని ఉంది. దాని ఎదురుగా నా గిన్నె. గిన్నె మీద పళ్ళెం, పళ్ళెం మీద బరువుకి నీళ్ళ గ్లాసు. కోర్టులో ముద్దాయి సామాను చూసినట్టు గుమాస్తా వాటిని ఒకటొకటిగా చూస్తోంది.

"గుమాస్తా! బయటికి రా!" అన్నారు జడ్జిగారు. పిల్లి చెవి కూడా కదపలేదు.

"కోర్టులో కూడా మీ మాట ఇలాగే వినేవారా?" అంది టైలరమ్మ.

"అక్కడ బంట్రోతు ఉండేవాడమ్మా."

అప్పుడు తాళాల తమ్ముడు మోపెడు మీద దిగాడు. సంచీ విప్పి తలుపు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, తాళాన్ని కొడుకు మార్కులు చూసుకునే తండ్రిలా చూశాడు.

"దీన్ని ఎవడూ తియ్యలేడు బావా."

"నువ్వు?"

"నేను కూడా! అదే కదా దీని గొప్పతనం."

"ఒరేయ్, లోపల మీ అక్క తోడు ఉంది. దాని ముందు పిల్లి ఉంది."

వాడి మొహం మారింది. చెయ్యి చటుక్కున ప్యాంటు జేబులోకి వెళ్ళింది. అక్కడే కాసేపు ఉండి ఖాళీగా బయటికొచ్చింది. తర్వాత ఒక ఇనుపచువ్వ తీసి తాళంలో పెట్టి తిప్పసాగాడు. నేను తాళాలవాణ్ణి కాను గానీ, చెవిలో గులిమి తీసుకునేవాడు కూడా అంతకంటే ఒళ్ళు దగ్గర పెట్టుకుని తిప్పుతాడు. మధ్యమధ్యలో చెయ్యి మళ్ళీ జేబు దాకా వెళ్ళడం, వెనక్కి రావడం.

కిటికీ దగ్గర టైలరమ్మ దారపు రీళ్ళు విసరడం మొదలుపెట్టింది. గుమాస్తా ఒక రీలు పట్టుకుని ఆడి, పక్కన పెట్టి, మళ్ళీ గిన్నె వైపు తిరిగింది. జడ్జిగారు కుడికాలి చెప్పు తీసి గురిచూసి విసిరారు. అది సింకులో పడింది.

"శిక్ష వెయ్యడం అలవాటైనవాళ్ళు గురి చూసి వెయ్యలేరు," అంది టైలరమ్మ.

"అది ఆలోచిస్తోంది," అన్నారు జడ్జిగారు నొచ్చుకుని. "చూడండి. తప్పని దానికి తెలుసు. అందుకే ఆగింది."

"తప్పని కాదు," అని తలుపు దగ్గర్నించి అరిచాడు తాళాల తమ్ముడు. "గ్లాసు పడితే చప్పుడవుతుందని ఆగింది! మనిషైనా అంతే. ఆ గ్లాసు తీసెయ్యండి, అప్పుడు తెలుస్తుంది ఎవరు ఎలాంటివాళ్ళో!"

"నువ్వు తాళం తియ్యి ముందు. మనుషుల సంగతి తర్వాత చూద్దువు గాని," అంది టైలరమ్మ. "పొద్దస్తమానం తాళాలు చూసేవాడికి ప్రతివాడూ దొంగలాగే కనిపిస్తాడు."

"మరి మీరేంటక్కా, జాకెట్టు ముక్కలో మిగిలిన గుడ్డ ఎప్పుడైనా తిరిగిచ్చారా?"

"అది మిగలడం కాదు తమ్ముడూ, పడిపోవడం!"

గుమాస్తా ముందుకాలితో గ్లాసుని మెల్లగా అంచుదాకా జరిపింది. మా వైపు చూసింది. తోసేసింది. గ్లాసు పగిలింది, నీళ్ళు గట్టు మీద నుంచి కారాయి. పిల్లి ఆ చప్పుడుకి కళ్ళు కూడా ఆర్పలేదు.

"చప్పుడుకి భయపడదని తేలిందిగా," అన్నారు జడ్జిగారు. ఆయన గొంతులో గర్వం ఉందో దిగులుందో నాకు అర్థం కాలేదు.

ఇప్పుడు పళ్ళెం ఒక్కటే మిగిలింది. గుమాస్తా దాని అంచు కింద ముక్కు పెట్టింది.

నేను ఊచలు పట్టుకున్నాను. "దాన్ని ఆపండి," అన్నాను. "ఆవిడది ఇంకేమీ ప్రాణంతో లేదు. అదొక్కటే ఉంది."

గట్టిగా అనలేదు. తరగతిలో అన్నట్టే అన్నాను. కానీ తలుపు దగ్గర చువ్వ తిరగడం ఆగింది.

"నేను," అన్నారు జడ్జిగారు, "ఒక్కసారి ఇంటికెళ్ళి వస్తాను. మాత్ర వేసుకోవాలి." ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి లేకుండా వెళ్ళిపోయారు. ఇంటి వైపు కాదు.

"నా పొయ్యి మీద కూర ఉంది," అంది టైలరమ్మ. మిషను మీది ఇనుప స్కేలు తీసుకుని మరీ వెళ్ళింది. కూరకి స్కేలెందుకో నాకు తట్టలేదు. నేను ముందు తలుపు దగ్గరికి పరిగెత్తాను.

"బావా," అన్నాడు తాళాల తమ్ముడు. "అటు తిరుగు."

"ఎందుకు?"

"వృత్తి రహస్యం. తిరుగు బావా, నీకు పుణ్యముంటుంది."

తిరిగాను. వెనకాల తాళంలో చెవి తిరిగిన చప్పుడైంది. ఇనుపచువ్వ చప్పుడు కాదు, చెవి చప్పుడే. ఆ పెద్దచెవి చప్పుడు రోజూ వింటున్నవాణ్ణి నాకు తెలుసు. తలుపు తెరుచుకుంది. వాడు లోపలికి దూకాడు, వాడి వెనక నేను. అదే క్షణంలో వెనక తలుపు గడియ టక్కున పైకి లేచి టైలరమ్మ స్కేలు పట్టుకుని లోపలికొచ్చింది. బాత్‌రూములో ఏదో బక్కెట్లో పడిన చప్పుడు, ఆ తర్వాత ఒక పెద్దమనిషి వాడకూడని మాట ఒకటి వినిపించాయి. జడ్జిగారు మోకాలి దాకా తడిసి, చేతిలో కిటికీ అద్దపు పలకతో వంటింటి గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు.

ముగ్గురూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. నేను గిన్నె చూశాను. గుమాస్తా దాన్ని నాకడం పూర్తి చేసి, అంచు మరోసారి సరిచూసుకుంటోంది. గిన్నె తోమి బోర్లించినంత శుభ్రంగా ఉంది.

"ఇదేంటి!" అన్నాడు తాళాల తమ్ముడు టైలరమ్మతో. "ప్రాణం పెట్టి తాళం చేశానే! వెనక తలుపు స్కేలుతో తీస్తారా?"

"వెనక తలుపుకి నువ్వు పెట్టలేదుగా మరి."

"దొంగలు ముందు తలుపులోంచి కదా వస్తారు!"

"దొంగల మీద ఎంత నమ్మకమయ్యా నీకు," అన్నారు జడ్జిగారు, పంచె పిండుకుంటూ.

"మీరు మాట్లాడకండి. కిటికీ పలకలు ఊడదీసి ఇంట్లో దూరడం ఎక్కడ నేర్చుకున్నారు?"

"ఒక ముద్దాయి వాంగ్మూలంలో విన్నాను. శిక్ష వేశాను గానీ, పద్ధతి మాత్రం చాలా తెలివైనదనిపించింది."

"మొదటిసారే ఇంత చక్కగా దూరారా?" అన్నాను.

జడ్జిగారు అద్దపు పలకని లాల్చీతో తుడవడం మొదలుపెట్టారు.

"రెండో చెవి లేదన్నావు, జేబులో ఇదెక్కడిదిరా?" అని బావమరిదిని అడిగాను. వాడు నేల చూశాడు. "స్కేలుతో గడియ తియ్యడం మీకెలా తెలుసమ్మా?" అని టైలరమ్మని అడిగాను. ఆవిడ పైకప్పు చూసింది. తరగతిలో సుద్దముక్క విసిరిందెవరని అడిగితే సరిగ్గా ఇలాగే ఉంటుంది. ఇలాంటప్పుడు ఊరికే నిలబడాలి. నిలబడ్డాను.

మొదట టైలరమ్మ నోరు విప్పింది. "తాళం పెట్టిన వారంలోనే అన్నయ్యగారూ. వదిన కుట్టడానికిచ్చిన జాకెట్టు ఒకటి ఉండిపోయింది. ఇద్దామని వెనకవైపు వస్తే, మీరు బడికెళ్ళారు. కిటికీలోంచి గిన్నె చూశాను. విరిగిపోయి ఉంది. మీరు మరిగే పాలల్లో తోడు వేసేశారు."

ఆ సాయంత్రం నాకు గుర్తుంది. పాలు గోరువెచ్చన అయ్యేదాకా ఆగాలని మా ఆవిడ చెప్పేది. ఆగడం ఆ వారం నాకు చేతకాలేదు.

"చెబుదామనుకున్నా," అంది టైలరమ్మ. "కానీ ఆ ముందు రోజే మీరు నాతో, 'ఇదొక్కటీ చూసుకుంటే చాలమ్మా' అన్నారు. ఇంకెలా చెప్పను? మా ఇంట్లోది వదిన తోడే కదా. తెచ్చి మార్చేశాను. అప్పణ్ణించి బాగా లేదనిపించినప్పుడల్లా..."

"మీరూనా!" అన్నారు జడ్జిగారు. "నేను గుమాస్తా కోసం వచ్చి చూసినప్పుడు అది మూతి పెట్టేసి ఉంది. నష్టం చేసింది నా పిల్లి. పరిహారం నేనిచ్చుకోవద్దూ? అందుకని ఒక గిన్నెడు... తర్వాత అది తరచూ మూతి పెడుతుండేది."

"అందుకా, నేను సగం పోసి వెళ్తే అంచుదాకా ఉండేది!" అంది టైలరమ్మ.

నేను బావమరిది వైపు చూశాను.

"నేను తాళం సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడ్డానికి వచ్చాను," అన్నాడు వాడు. "వృత్తిధర్మం. వచ్చినప్పుడు ఒక చెంచా నోట్లో వేసుకున్నాను. అక్క పెరుగులా లేదు. నీకు తెలిస్తే బాధపడతావని... మా ఇంట్లోంచి తెచ్చాను. అంతే బావా. ఇందులో మంచితనం ఏమీ లేదు, అలా చూడకు. నాకు భయం. తోడు పోతే అక్క ఎక్కడున్నా తిడుతుంది."

"నాది న్యాయం," అన్నారు జడ్జిగారు. "నష్టం, పరిహారం. మంచితనం ప్రసక్తి లేదు."

ఇద్దరూ టైలరమ్మ వైపు తిరిగారు, నీదేంటి అన్నట్టు.

"నాదేముంది? విరిగిపోయింది, మార్చాను. ఇందులో ఆలోచించడానికేముంది?" అని ఆవిడ స్కేలు చంకలో పెట్టుకుని పగిలిన గాజుముక్కలు ఏరడం మొదలుపెట్టింది.

ఎవరూ ఒప్పుకోవడం లేదు. ఇళ్ళల్లో దూరిన సంగతి ముగ్గురూ చక్కగా ఒప్పుకున్నారు. మంచిపని చేశారంటే మాత్రం సాక్ష్యం లేదన్నట్టు మాట్లాడుతున్నారు.

"పోన్లెండి," అంది టైలరమ్మ. "ఎవరు తెచ్చినా అందరిదీ వదిన తోడే. నేను పోయి మా గిన్నె పట్టుకొస్తాను. నాది ఈమధ్య జడ్జిగారింట్లోంచి తీసుకున్నదే అయినా, అదీ వదినదేగా."

"నేనూ మొన్న జడ్జిగారి దగ్గరే తీసుకున్నా," అన్నాడు తాళాల తమ్ముడు.

జడ్జిగారు అద్దపు పలకని ఇంకా తుడుస్తూనే ఉన్నారు. అవతలి గోడ దాకా కనిపించేంత శుభ్రమైంది అది.

"ఒక చిన్న విషయం కోర్టు దృష్టికి తేవాలి," అన్నారు. "నా దగ్గరున్న తోడు కూడా మధ్యలో ఒకసారి పోయింది. వంటమనిషి సెలవు పెట్టినప్పుడు. అప్పణ్ణించి... సందు చివర పాలకొట్లో కొన్నదే వాడుతున్నాను."

గుమాస్తా ఆవలించింది.

"కొట్లోదా!" అంది టైలరమ్మ. ఆవిడ చేతిలోంచి గాజుముక్క మళ్ళీ కిందపడింది. "సందు సందంతా కొట్టు పెరుగా!"

"కొట్టువాడు తోడు ఎక్కడ తెచ్చాడో విచారించవచ్చు," అన్నారు జడ్జిగారు ఆశగా. "అతను కూడా అమ్మగారి దగ్గరికి వస్తూండేవాడు. ఆమె తోడే పట్టుకెళ్ళి ఉండొచ్చు."

"ఉండకపోవచ్చు కూడా," అన్నాడు బావమరిది.

నాకు నవ్వొచ్చింది. ముందు ముక్కులోంచి వచ్చింది, ఆపుకున్నాను. తర్వాత ఆగలేదు. నేను ఇన్నాళ్ళూ పొద్దున్నే లేచి ఆ గిన్నెకి గుడ్డ కప్పి, ఎండ తగలకుండా జరిపి, బడికెళ్తూ ఒకసారి వెనక్కి తిరిగి చూసుకున్నది కొట్లో పెరుగుని. దాన్ని కాపాడటానికి ఒక తాళం, ఆ తాళాన్ని దాటడానికి ముగ్గురు పెద్దమనుషులు. మా ఆవిడ ఉంటే వంటింటి గట్టు పట్టుకుని కూర్చుండిపోయేది నవ్వలేక. గట్టు పట్టుకుని నేను కూర్చున్నాను. ముగ్గురూ నా మొహంలోకి చూసి, నవ్వేనని రూఢి చేసుకుని, అప్పుడు వాళ్ళూ మొదలుపెట్టారు. జడ్జిగారు నవ్వుతుంటే తడికాలు జారి మళ్ళీ పడబోయారు.

నవ్వు అయ్యాక నేను లేచి పొయ్యి వెలిగించి పాలు పెట్టాను. వాళ్ళు ముగ్గురూ వెళ్ళి మూడు గిన్నెలతో వచ్చారు, ఈసారి అందరూ ముందు తలుపులోంచే. టైలరమ్మది స్టీలు గిన్నె, జడ్జిగారిది మూత ఉన్న పింగాణీది. బావమరిది ఇల్లు దూరం, మోపెడు మీద తెచ్చేసరికి వాడి గిన్నెలోది సగం మజ్జిగైంది. మూడూ గట్టు మీద వరసగా పెట్టాం. చెంచాతో ఒక్కొక్కటీ రుచి చూశాను. ఒకదాంట్లో మా ఆవిడ చేతి పులుపు ఉందనిపించింది. మళ్ళీ చూస్తే మూడింట్లోనూ ఉందనిపించింది. ఇంకోసారి చూస్తే దేంట్లోనూ లేదు.

"బావా," అన్నాడు తాళాల తమ్ముడు, గుమాస్తాని ఒళ్ళో గట్టిగా పట్టుకుని. "ఇప్పుడైనా చెప్పు. అక్క లేదు కదా, నిన్నేమీ అనదు. పాలల్లో ఉందా, తోడులో ఉందా?"

"నువ్వు ఓడిపోయావయ్యా, ఇంకా అడుగుతావేం," అన్నారు జడ్జిగారు. "భయమో ఏదో, నీ అంతట నువ్వే వచ్చావుగా."

"మీరు ఓడిపోయారు! అక్క చెంచా పడకపోతే మనలో ఒక్కడైనా వచ్చేవాడా?"

"నేను వచ్చేదాన్ని," అంది టైలరమ్మ.

"మీ సంగతి వేరక్కా. మీరు అందరిళ్ళల్లోకీ వెళ్తారు."

పాలలో వేలు ముంచి చూశాను. ఇంకా వేడిగా ఉన్నాయి. ఆగమన్నాను. ఈసారి ఆగాను. ముగ్గురూ స్టూళ్ళు లాక్కుని కూర్చున్నారు. ముందు తలుపు తెరిచే ఉంది, వాకిట్లోంచి గాలి వస్తోంది. బావమరిది దాని వైపు రెండు మూడుసార్లు చూశాడు గానీ లేచి వెయ్యలేదు.

పాలు గోరువెచ్చన అయ్యాయి. చెంచా నా చేతిలో ఉంది, మూడు గిన్నెలూ ఎదురుగా ఉన్నాయి. తాళంచెవి ఇంకా దొరకలేదు. పాలు ఇంకా తోడు పెట్టలేదు.